గీత ఎటేపు, అమ్మీ?

కలరా ఉండల వాసన తగిలితే చాలామందికి పట్టుచీరలు, ట్రంకుపెట్టెలు గుర్తొస్తాయి. నాకు ఊళ్ళు గుర్తొస్తాయి. కాగితం మీద గీసిన ఊళ్ళు. మొన్న ఒడిశాలోని కొరాపుట్‌లో ముసురు పట్టి వదలకుండా కురుస్తున్న రోజున, మా ఆఫీసు వెనకగదిలో ఉన్న ఇనుప బీరువా తలుపు పట్టుకుని లాగాను. తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. వచ్చాక ఆ వాసన గుప్పుమని మొహాన కొట్టింది. చుట్టలు చుట్టి నిలబెట్టిన ట్రేసింగు కాగితాలు, వాటి మధ్య అరిగి శనగగింజంత మిగిలిన కలరా ఉండలు. రాయగడ ఆఫీసు కంప్యూటర్లకి మారినప్పుడు వీటిని చెత్తలో పడెయ్యబోతుంటే, ఎందుకో తెలియకుండానే, ఉండలతో సహా నేను తెచ్చుకున్నాను. వాటిని అక్కడ పెట్టిన మనిషి ఇప్పుడు లేదు. ఉండలు మాత్రం ఇంకా డ్యూటీ చేస్తున్నాయి.

ఆ బీరువా తియ్యాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. పట్టణాలు ఎటు పెరగాలో, ఎక్కడ పెరగకూడదో ప్లాన్లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో నాది ఉద్యోగం. రాయగడకి కొత్త ప్లాను వేస్తున్నారు. పైనుంచి ఫోను వచ్చింది. "మీ పాత మ్యాపులో ఒక చోట 'గెడ్డా' అని రాసి ఉంది. ఇదేంటి? వాగా, మురుగు నాలానా, లేకపోతే ఎవరి పేరైనానా? సోమవారానికల్లా తేల్చి చెప్పండి," అన్నారు. ఫోను పెట్టేసి ఆ వెనకగదిలోకి నడిచాను. ఆ మాట పక్కన ఉన్న వీధిలోనే నేను పుట్టాను. ఈరోజుకీ మా అమ్మ అక్కడే పొద్దున్నే పొయ్యి వెలిగించి ఇడ్లీ, అందులోకి బఠాణీల గుగుణి కూర అమ్ముతుంది. వాగు అని తేలిస్తే వీధి పోతుంది. నాలా అని తేలిస్తే వీధి ఉంటుంది, కానీ వానాకాలం వచ్చేసరికి నీళ్ళు ఇళ్ళలో ఉంటాయి. ఆ మాటని మ్యాపు మీద రాసింది సింహాచలం మేడం. రాసి, ఆ చిక్కుముడిని నాకు వదిలేసి వెళ్ళిపోయింది.

మావైపు సింహాచలం అనే పేరు ఆడవాళ్ళకీ ఉంటుంది, మగవాళ్ళకీ ఉంటుంది. ఈ సంగతి భువనేశ్వర్‌లో ఎవరికీ తెలియదు. రాయగడ మునిసిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సెక్షనుకి వచ్చే ఉత్తరాలన్నీ "శ్రీ సింహాచలం బాబు గారికి" అనే వచ్చేవి. పెద్ద ఆఫీసర్లు దిగి "సింహాచలం బాబు ఎక్కడ?" అని అడిగితే, ఆవిడ కుర్చీలోంచి లేవకుండా "బాబు నేనే, ఆజ్ఞా" అని ఒడియాలో జవాబు చెప్పేది, ఆజ్ఞా అంటే అక్కడ అయ్యా అని. పొట్టి మనిషి, బొంగురు గొంతు. చేతిలో ఎప్పుడూ మగవాళ్ళు పట్టుకునే పెద్ద నల్లగొడుగు. ఆవిడ తాతలు శ్రీకాకుళం పల్లెల నుంచి గుణుపూర్ వైపు వచ్చి వ్యవసాయంలో స్థిరపడ్డారు. ఇంట్లో అందరూ వరి నాటుతుంటే ఈవిడ ఒక్కతే డ్రాయింగు నేర్చుకుని మునిసిపాలిటీలో చేరింది. ఆఫీసులో ఒడియా, పైవాళ్ళతో హిందీ. కోపం వచ్చినా ప్రేమ వచ్చినా మాత్రం శ్రీకాకుళం.

నేను ఆవిడ దగ్గరికి మొదటిసారి వెళ్ళింది గర్వంగా. ఎమ్మే పాసయ్యాక ఒక యూనివర్సిటీవాళ్ళ పరిశోధనలో చేరాను. చిన్న పట్టణాల్లో నీరు ఎలా నడుస్తుంది, జనం దానితో ఎలా సర్దుకుంటున్నారు అన్నది విషయం. మా వీధివాళ్ళతో, చుట్టుపక్కల వీధులవాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడి రికార్డు చేశాను. అదంతా ఇంగ్లీషులో పుస్తకమై వచ్చింది. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు. ఈ పుస్తకం చదివితే ఊరు బాగుపడిపోతుందని నిజంగానే అనుకున్నాను. ఒక ప్రతి తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ అట్ట తిప్పింది, బొమ్మలు చూసింది.

"బాగుందమ్మి. రంగులు బాగున్నాయి. గీత ఎటేపు?" అంది.

"ఏం గీతండీ?"

"నానొక గీత గియ్యాలి. గీతకి ఇటేపు ఇల్లు కట్టుకోవచ్చు, అటేపు కట్టకూడదు. మరి ఈ పుస్తకం సదివితే ఆ గీత ఎటేపు గియ్యాలో తెలుస్తాదేటి?"

పుస్తకం ఆఖరి పేజీలు తిరగేశాను. చివరికి, "మరింత పరిశోధన అవసరమని చివర్లో రాశామండీ," అన్నాను. ఆవిడ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఓలమ్మా! అందరూ అదే రాస్తారమ్మి," అంటూ, బల్ల మీద చుట్టుకుపోతున్న ట్రేసింగు కాగితం మూలన నా పుస్తకం పెట్టింది. బరువు సరిపోయింది. కాగితం బుద్ధిగా పడుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నమస్కారం కూడా పెట్టకుండా బయటికొచ్చేశాను.

కొన్నాళ్ళకి ఆవిడే కబురు పెట్టింది. వెళ్ళేసరికి ఆ పుస్తకం విప్పి ఉంది, పేజీల నిండా పెన్సిలు గుర్తులు. నాతో సహా ఎవరూ పూర్తిగా చదవని ఆ పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే అయుంటుంది. ఒక పేజీ మీద వేలు పెట్టి అడిగింది.

"గెడ్డొడ్డు వీధి నీకు తెలుసా?"

"మా వీధేనండీ."

"అయితే మీ ఇల్లు కొండ మీదుందేటి? ఈ వీధివోళ్ళందరూ ఎత్తయిన నేల మీద బతుకుతున్నారు, నీటి భయం లేదు అని రాసేరిక్కడ."

చదివి తెల్లబోయాను. తర్వాత విషయం తెలిసింది. నేను చేసిన రికార్డింగుల్ని యూనివర్సిటీవాళ్ళు ఎక్కడో హైదరాబాదులో ఎవరిచేతో రాయించారట. మా వీధివాళ్ళు "మాం గెడ్డ పక్కనే ఉంతాం" అంటే, అతను మా యాస మీద జాలిపడి "గడ్డ" అని దిద్దాడు. గడ్డంటే ఎత్తు నేల కదా, ఇంగ్లీషులో అదే వేశాడు. మా శ్రీకాకుళం, విజయనగరం మనుషులకి గెడ్డ అంటే కొండల్లోంచి దిగే వాగు అని అతనికెవరు చెప్పాలి? ఒక్క అక్షరం దిద్దినందుకు మా వీధి మొత్తం లేచి కొండెక్కి కూర్చుంది.

మేడం నవ్వలేదు. ఇంకో కాగితం తీసింది. అది ఆఫీసువాళ్ళ మ్యాపు. అందులో ఆ గెడ్డనే నాలా అని రాశారు, అంటే మురుగు కాలువ. "సూడు. సదువుకున్నోళ్ళు కొండన్నారు. సర్కారోళ్ళు కాలవన్నారు. మీ అమ్మోళ్ళు గెడ్డంటారు. నీరొకటే. రేపట్నుంచి ఇక్కడికి రా అమ్మి, నాకు తెలుగూ ఇంగిలీసూ రెండూ వచ్చిన మనిషి కావాలి," అంది. అలా కాంట్రాక్టు మీద చేరాను. పుస్తకాన్ని బరువు కింద వాడిన మనిషి దగ్గర ఎందుకు చేరానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఆవిడ పనిచేసే తీరు వేరు. అసలు గీత ఎప్పుడూ ఆఫీసులో గీసేది కాదు. మ్యాపుని చెక్కకి బిగించి, దాని మీద ట్రేసింగు కాగితం వేసి, గీత పడాల్సిన చోటుకే వెళ్ళి నిలబడి గీసేది. ఎండైనా వానైనా నల్లగొడుగు మరొకరు పట్టాలి. ఆ మరొకరు ఎవరంటే, ఆ గీత గురించి గట్టిగా గొడవపడుతున్న మనిషి. "ఇదిగో బాబూ, అరిసింది సాలు, గొడుగు పట్టుకో," అనేది. పట్టుకున్నవాడు అరవలేడు, గొడుగు ఒణికితే కాగితం తడుస్తుంది కదా. పైగా గీత తన కళ్ళ ముందే పడుతుంది. ఒకసారి అడిగాను, ఆఫీసులో కుర్చీలో కూర్చుని గీస్తే ఇంకా చక్కగా వస్తుంది కదండీ అని. "కుర్చీలో గీస్తే గీత సక్కగానే వస్తాదమ్మి. నా బయ్యం అదే," అంది. అప్పుడు తలూపాను గానీ అర్థం కాలేదు.

మీటింగులకి కొరాపుట్ వెళ్ళాల్సి వచ్చేది. పాసింజరు బండిలో కిటికీ పక్క సీటు ఆవిడది. కకిరిగుమ్మలో బండి ఆగితే సీతాఫలాలు కొని ఒళ్ళో పెట్టుకుని, గింజలు కిటికీలోంచి ఊస్తూ కబుర్లు చెప్పేది. ఒకసారి కొండల మధ్య మెట్లు మెట్లుగా ఉన్న పచ్చటి మడుల్ని చూపించింది. "అదేటో తెలుసా? అది గెడ్డే. ఈ కొండల్లో ఉండే దేశియావోళ్ళు జోలా అంటారు. గెడ్డని తరమలేదు, దాంట్లోనే మడి కట్టేరు. నీరు నీరు దారిన పోతాది, వరి వరి దారిన పండుతాది. పట్నంలో మనమెందుకలగ సెయ్యలేం?" అంది. నాకు దీపం వెలిగినట్టయింది. మర్నాడు అదంతా చక్కగా రాసి తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. చదివి పక్కన పడేసింది. "మడి మునిగితే వరి బతుకుద్ది. ఇల్లు మునిగితే మనిషి బతుకుద్దా? అవి రైలు కబుర్లమ్మి, ఆఫీసులో సెప్పకు." నిన్న చెప్పింది మీరే కదా అంటే, "నిన్న నాను రైల్లో ఉన్నాను," అంది. ఇలాంటివాటితో నా తల ప్రాణం తోకకొచ్చేది.

అలాంటి ఒక ప్రయాణంలోనే, మీటింగులో ఒక ఆఫీసరు యూనివర్సిటీల మీద విరుచుకుపడ్డాడు. ఈ ప్రొఫెసర్ల పరిశోధనలు మనకెందుకు పనికొస్తాయి, అన్నీ కాకమ్మ కబుర్లు అని. నేను మేడం వైపు చూశాను, ఇప్పుడు ఈవిడ కూడా వంత పాడుతుంది అనుకుని. ఆవిడ లేచి నిలబడి, నా పుస్తకం తీసి, అందులో వాన గురించి, కొండవాలు గురించి ఏ పేజీలో ఏముందో చదివి వినిపించి, "ఇందులో ఏది పనికిరాదో సెలవియ్యండి ఆజ్ఞా, కొట్టేస్తాను," అంది. ఆయన పుస్తకం చూడనే లేదు, మాట మార్చేశాడు. బయటికొచ్చాక, "మీరే కదండీ దాన్ని రాయిలాగ వాడారు," అన్నాను. "నాను సదివి తిట్టేను. ఆయన సదవకండా తిట్టేడు. రెండూ ఒకటేటి?" అంది. మరి పరిశోధన మనకి పనికొస్తుందా, పనికిరాదా అని సూటిగా అడిగాను. "తెలీదమ్మి. ఒక్కోసారి వాళ్ళు సెప్పింది నాకర్తం కాదు. ఒక్కోసారి నాకేటి కావాలో నాకే అర్తం కాదు. వాళ్ళనేటంటాం?" అంది. నాకు కావలసింది అవునో కాదో. ఆవిడ దగ్గర ఆ రెండూ దొరికేవి కాదు.

తర్వాత మా వీధి వంతు వచ్చింది. ప్లానులో గెడ్డ దగ్గర ఏదో ఒకటి రాయాలి. వాగు అని ఊరికే రాస్తే, వాగుకి రెండు పక్కలా ఇళ్ళుండకూడదని రూలు, వీధి మొత్తం లేచిపోతుంది. నాలా అని రాస్తే గోడలు కట్టి, ఇరుకు చేసి, పైన పలకలు పరిచేస్తారు. అప్పుడు కొండల్లోంచి దిగిన నీరు ఎక్కడికి పోవాలి? మేడం చెక్క, కాగితం, గొడుగు తీసుకుని మా ఇంటికే వచ్చింది. మా నాన్న మునిసిపాలిటీ పంపుహౌసులో పనిచేసి పోయాక, ఆ ఇంటిని నిలబెట్టింది అమ్మ పొయ్యే. వంటిల్లు పెరటివైపు, పెరటి చివర గెడ్డ. అమ్మ వీధిలో నలుగురికి వినబడేలా మొదలుపెట్టింది. మా పొట్ట కొట్టడానికి వచ్చేరా, మా అమ్మిని మీ ఆఫీసులో పెట్టుకున్నది ఇందుకేనా అని. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, మేడం గొడుగు తీసి అమ్మ చేతిలో పెట్టింది.

"పట్టుకో వొదినా. ఇప్పుడు సెప్పు, దీన్నేటంటారు మీరు?"

"ఏటంటారేటి? గెడ్డ."

"మురుక్కాలవ కాదేటి?"

"ఎండల్లో మురుక్కాలవే. వానల్లో గెడ్డే. మీరు మాత్రం ఆపీసులో ఒకలాగ, ఇంటికాడ ఒకలాగ ఉండరేటి?"

మేడం నవ్వింది. "నిజమే. ఇంకోటి సెప్పు వొదినా. ఈ నీరు ఎందాక వస్తే ఊరుకుంటావు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది అమ్మ. "పెరట్లోకి ఏటా వస్తాది. రానీ, దాని దారది. పొయ్యి కాడికొస్తే మాత్రం నానూరుకోను. పొయ్యారిపోతే నా ఇడ్లీ ఎవుడు తింటాడు?"

నేను దాన్ని ఇద్దరాడవాళ్ళ సరసం అనుకున్నాను. మేడం చాలాసేపు పెన్సిలు పట్టుకుని నిలబడింది. గెడ్డ వైపు చూసింది, వీధి వైపు చూసింది. అంత ధైర్యంగా ఊరంతా గీతలు గీసిన మనిషి ఆ రోజు మా పెరట్లో గీత గియ్యలేదు. కాగితం చుట్టేసింది. ఆఫీసుకొచ్చి, ప్లాను మీద ఆ చోట ఒడియా అక్షరాల్లో "గెడ్డా" అని రాసేసింది.

ఆ మాట ఏ రూలు పుస్తకంలోనూ లేదు. వాగుకి రూలుంది, నాలాకి రూలుంది, గెడ్డకి లేదు. ఫైలు పైకి వెళ్ళింది, గెడ్డా అంటే ఏమిటి అని వెనక్కి వచ్చింది. ఈవిడ ఏదో జవాబు రాసింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఆఫీసులో కొందరు సింహాచలం బాబు గోడ మీద పిల్లిలా కూర్చుందన్నారు. కొందరు అబ్బ, ఎంత తెలివి, ఆ వీధిని కాపాడిందన్నారు. నేను రెండో రకం. ఫైలు తిరుగుతుండగానే ఆవిడ రిటైరై గుణుపూర్ దగ్గరున్న సొంతూరికి వెళ్ళిపోయింది, నేను కొరాపుట్ ఆఫీసుకి మారాను. వీధి ఉండిపోయింది. అమ్మ ఆవిడ పేరు చెప్పి దీపం పెట్టడం ఒక్కటే తక్కువ.

ఆ తర్వాత ఒక వానాకాలం గెడ్డ లేచింది. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు, ఆ మేరకి అదృష్టం. కానీ మా వంటింట్లోకి మోకాలిలోతు నీరొచ్చింది. పొయ్యి కరిగిపోయింది. పిండి రుబ్బిన గిన్నె తేలుకుంటూ వెళ్ళి వీధి అవతల దొరికింది. నేను కొరాపుట్ నుంచి వెళ్ళేసరికి అమ్మ పక్కింటివాళ్ళ అరుగు మీద ఇటుకలు పేర్చి ఇడ్లీ వేస్తోంది. "ఏదో ఒకటి రాసుంటే మీ మేడం సొమ్మేటి పోయింది? ఉండమంటే ఉందుం, పొమ్మంటే పోదుం. ఇదేటిది, ఉండీ ఉండనట్టు?" అని ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా చూడలేదు. మేడం మీద నాకు మొదటిసారి నిజమైన కోపం వచ్చింది. మర్నాడే గుణుపూర్ బస్సెక్కాను.

ఆవిడ మంచం మీద ఉంది. అప్పటికే జబ్బు చేసింది, మనిషి సగమయింది. బొంగురు గొంతు మాత్రం తగ్గలేదు. మా పొయ్యి సంగతి చెప్పాను. చెప్పి, ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్నది అడిగేశాను. "మీరు గెడ్డ అని ఎందుకు రాశారు? ఫైలు ఆగిపోవాలనేనా? వీధి నిలబడాలనేనా?" ఏదో గొప్ప ఎత్తుగడ బయటపడుతుందని ఎదురుచూశాను.

"లేదమ్మి. ఏటి రాయాలో తెలీలేదు. తెలిసిన మాట రాసేను," అంది.

అంతే. పక్కకి ఒత్తిగిలి దుప్పటి లాక్కుంది. తర్వాత, "మీ అమ్మ తనకేటి కావాలో సెప్పింది. నీరు ఎంతొస్తాదో నాకు సెప్పినోడు లేడు. సగం పట్టుకుని గీత ఎలగ గీస్తాం?" అని గొణిగింది. జ్వరంలో మాటలనుకున్నాను. బయల్దేరుతుంటే మూలనున్న నల్లగొడుగు చూపించింది. "తీసుకుపో. ఇక్కడ నాకు గియ్యడానికి గీతలేవీ లేవు." ఆ ఏడే పోయింది. ఆవిడని తలుచుకుంటే ఏడవాలో తిట్టాలో తెలియక, ఆ గొడుగు వేసుకుని తిరుగుతూ చాలా వానలు గడిపాను.

ఇప్పుడు, గెడ్డా అంటే ఏమిటని ఫోను వచ్చిన మర్నాడే మా ఆఫీసులో ఒక పరిశోధకురాలు మాట్లాడింది. ఇతిశ్రీ అని, ఒడియా అమ్మాయి, చిన్న వయసు. రాయగడ చుట్టూ కొండల మీద పడే వాన ఎటు దిగుతుంది, ఎంత ఎత్తుకి లేస్తుంది అని లెక్కలు కట్టి తెర మీద బొమ్మలు చూపించింది. నీలంలో ఎన్ని రకాలున్నాయో అన్నీ ఉన్నాయి. తరచుగా వచ్చే నీరు ముదురు నీలం, ఎప్పుడో గానీ రాని నీరు లేత నీలం. అయిపోయాక నేను లేచాను. నా నోట్లోంచి సింహాచలం మేడం గొంతే వచ్చింది.

"బాగుంది. రంగులు బాగున్నాయి. ఇందులో గీత ఎటేపు?"

ఆ అమ్మాయి నాలాగా తెల్లబోలేదు. "అది నేను చెప్పలేను మేడం," అంది. "ఎంత నీరు ఎంత తరచుగా వస్తుందో చెప్పగలను. ఎంతవరకు వస్తే భరిస్తారో అక్కడ ఉన్నవాళ్ళు చెప్పాలి. అది చెబితే గీత ఎక్కడ పడుతుందో ఇప్పుడే చూపిస్తాను. వాళ్ళని ఎవరైనా అడిగారా?"

అడిగారు. గొడుగు చేతికిచ్చి మరీ అడిగారు. నేను పక్కనే ఉన్నాను, సరసమనుకున్నాను. ఆవిడ జ్వరంలో చెప్పిన సగం సంగతి ఇన్నేళ్ళకి అర్థమైంది, అదైనా పూర్తిగా అయిందో లేదో. ఇన్నాళ్ళూ గీత ఎటేపు అని ఆవిడ పరిశోధకుల్ని అడిగింది తప్పు ప్రశ్నా? లేక సరైన ప్రశ్నే, తప్పు మనుషుల్ని అడిగిందా? పరిశోధన అక్కరకు రాలేదా, అక్కర ఏమిటో మేము చెప్పలేదా? ఈ ప్రశ్నలకి నా దగ్గర ఇప్పటికీ జవాబుల్లేవు. ఇతిశ్రీని పక్కన కూర్చోబెట్టుకుని గెడ్డొడ్డు వీధి పెద్దది చేయించాను. మా ఇంటి కప్పు కనిపించింది. ముదురు నీలం పెరడు దాటి, వంటింటి గోడ దాటి, సరిగ్గా పొయ్యి ఉన్న చోటుని మింగి ఆగింది. అమ్మ ఊరుకోనన్న చోటే.

వాగా నాలానా అని తేల్చే బదులు ఆ గీతే కొలిచి పంపితే వీధిలో చాలా ఇళ్ళు నిలబడతాయి. గీతకి అటేపు పడినవి మాత్రం పోతాయి, అందులో మొదటిది మాదే. అలాంటివాళ్ళకి వేరేచోట ఇళ్ళిస్తారని రూల్లో ఉంది. రూల్లో చాలా ఉంటాయి. ఇచ్చినా, అమ్మ పొయ్యి చుట్టూ పొద్దున్నే చేరే పంపుహౌసు మనుషుల్నీ, రోడ్లు ఊడ్చి వచ్చేవాళ్ళనీ ఆ వేరేచోట ఎవరిస్తారు? కుర్చీలో కూర్చుంటే గీత తెర మీద ఎంతో చక్కగా, క్షణంలో పడిపోయింది. దాన్ని అలాగే పంపేస్తే సరిపోయేది. ఆవిడ భయం ఏమిటో అప్పుడు తెలిసింది. చెక్క, ట్రేసింగు కాగితం, గొడుగు తీసుకుని పొద్దుటి బండెక్కాను.

రాయగడలోనూ వానే. అమ్మ అప్పుడే ఇడ్లీ అమ్మడం ముగించి పొయ్యి అలుకుతోంది. చెక్క, కాగితం చూడగానే అమ్మకి అన్నీ అర్థమైపోయాయి. చేతులు కడుక్కుని పెరట్లోకి వచ్చింది. గెడ్డ ఎర్రగా, వడిగా పోతోంది. నేనేమీ అనకముందే చెయ్యి చాపి నల్లగొడుగు అందుకుంది. ఆ తర్వాత అడిగిన మాట నా చిన్నతనంలో అమ్మ నోట ఎప్పుడూ వినలేదు. మేడం దగ్గరే నేర్చుకుని ఉంటుంది.

"గీత ఎటేపు, అమ్మీ?"

చెక్క మీద కాగితం సరిచేసుకున్నాను. "పొయ్యి అటేపు పడిందమ్మా," అన్నాను చివరికి.

అమ్మ వంటింటి వైపు చూసింది. గెడ్డ వైపు చూసింది. తర్వాత తన తలమీంచి గొడుగు పూర్తిగా కాగితం మీదికి వంచి, తను వానలో నిలబడింది.

"అయితే సక్కగా గియ్యి," అంది. "సెయ్యొణికితే పక్కోళ్ళ ఇల్లు పోద్ది."